పాల వ్యాన్ వెనక నలభై సెకన్లు

బుధవారం ఉదయం ఎనిమిదీ పదికి ఫోన్ మోగింది. హరిచందన ఒక చేత్తో ఉప్మా కలియబెడుతూనే రెండో చేత్తో రిసీవర్ అందుకుంది. ఫోన్ వాళ్లదే గానీ నంబరు ఆ వీధిలో ఆరిళ్లది. మేడ్చల్‌లోని ఆ కొత్త కాలనీకి కాపురానికి వచ్చిన ఇరవై మూడు రోజుల్లో ఆమెకు వచ్చిన కాల్స్ కన్నా ఎదురింటి వర్షకు వచ్చినవే ఎక్కువ.

ఇదీ వర్షకే. సైక్లింగ్ సంఘం ఆఫీసు నుంచి ఎవరో గుమాస్తా, లాటరీ ఫలితం చదివినట్టు చదివాడు. జాతీయ శిక్షణ శిబిరానికి రాష్ట్రం నుంచి ఒకే ఒక్క అమ్మాయిని తీసుకున్నారు. ఆ అమ్మాయి మేడ్చల్ వర్ష. శుక్రవారం రాత్రి రైలు.

హరిచందన స్టవ్ కట్టేసిందో లేదో కూడా చూసుకోకుండా, చెప్పులు లేకుండా వీధికి అడ్డంగా పరిగెత్తింది. వర్షకు పద్దెనిమిదేళ్లు. తొమ్మిదో ఏట చక్రాల బూట్లు కట్టుకుంది. రోలర్ స్కేటింగ్ వేగ పందేల్లో రాష్ట్రంలో ఆమెను దాటిన పిల్ల లేదు. కాళ్ల బలం కోసమని రెండేళ్ల కిందట సైకిలు తొక్కడం మొదలుపెడితే, ఆ సైకిలే ఇప్పుడు ఆమెను ఇంత దూరం తెచ్చింది.

వార్త వినగానే తండ్రి గౌరయ్య తన పాల వ్యాన్ మెట్టు మీద కూలబడి తల తుడుచుకున్నాడు. నాయనమ్మ బాలనర్సమ్మ పిడికెడు చక్కెర తెచ్చి ముందు హరిచందన నోట్లోనే పోసింది. పళ్ల మధ్య పలుకులు కరకరలాడుతుంటే హరిచందనకు తనకే మెడల్ వచ్చినట్టనిపించింది. వర్ష మాత్రం గంతులు వేయలేదు. శిబిరం ఎన్ని రోజులని అడిగింది. నెల అని తెలిశాక, "అయితే వచ్చే వారం స్కేటింగ్ నేషనల్స్ పోయినట్టే గదక్కా" అంది. అని మళ్లీ నవ్వింది.

ఆ సంతోషం యాభై అయిదు నిమిషాలుంది. తొమ్మిదీ అయిదుకు అదే గుమాస్తా మళ్లీ ఫోన్ చేశాడు. ఎంపిక ఆపేశారు. పోయిన ఆదివారం కాక అవతలి ఆదివారం శామీర్‌పేట రోడ్డు మీద జరిగిన ఎంపిక పోటీలో వర్ష మోసం చేసిందని ఫిర్యాదు వచ్చింది. ఫోటో సాక్ష్యం కూడా ఉందట. అది ఒంటరి పందెం. ఒక్కొక్కరే బయలుదేరి, పది కిలోమీటర్లు పోయి అదే దారిన తిరిగొస్తూ, ఇరవై కిలోమీటర్లు గడియారంతో పోటీపడి తొక్కాలి. ముందు వాహనం పోతుంటే దాని నీడన దూరి తొక్కితే గాలి తగలదు, కాళ్లకు సగం పని తప్పుతుంది. వర్ష అదే చేసిందట. రేపు గురువారం పది గంటలకు విచారణ. తప్పు రుజువైతే రెండేళ్లు ఏ ఆటలోనూ అడుగుపెట్టనివ్వరు.

హరిచందన పెళ్లికి ముందు రెండేళ్లు సికింద్రాబాద్‌లో ఒక డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేసింది. సొంతంగా మొదలుపెట్టాలని ఉద్యోగం మానింది. బోర్డు ఇంకా రాయించలేదు. మెడలో పసుపుతాడు రంగు కూడా తగ్గలేదు. భర్త రఘునందన్ అప్పుడే బ్యాంకుకు బయలుదేరుతూ హెల్మెట్ పెట్టుకుంటున్నాడు. ఆమె చెప్పింది విని, హెల్మెట్ తీసేసి, మేనేజరుకు ఫోన్ చేసి సెలవు చెప్పాడు. తర్వాత, "ఇది మన మొదటి కేసు" అన్నాడు. ఆ 'మన' అన్న మాట ఆమె చెవిలో కాసేపు గలగలలాడింది. అంతలోనే కాళ్లు కుదురుగా నిలవక గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడవసాగింది.

పదీ ఇరవైకి గౌరయ్య ఇంటి ముందు తెల్ల మారుతి ఆగింది. దిగినవాణ్ణి చూడగానే ఆమెకు పాత ఆఫీసు వాసన తగిలింది. హేమచంద్. అదే ఏజెన్సీలో ఆమెకు సీనియర్. ఆమె రాసిన రిపోర్టుల కింద తన సంతకం పెట్టుకున్న మనిషి.

"పెళ్లయ్యాక వంట నేర్చుకుంటున్నారనుకున్నా, హరిచందన గారూ."

"నేర్చుకుంటున్నానండీ. ఇవాళ ఉప్మా మాడింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలా అని చూస్తున్నా."

అతను నవ్వలేదు. పోటీలో పదకొండు సెకన్ల తేడాతో రెండో స్థానంలో నిలిచిన హర్షిత తండ్రి, కౌకూర్‌లో ఉండే శ్రీనివాసరావు తరఫున వచ్చానన్నాడు. ఫోటో ఆయనకు పోస్టులో వచ్చింది. పంపినవాడి పేరు లేదు. వర్ష తనంతట తాను తప్పుకుంటున్నట్టు సంతకం చేస్తే విచారణ లేకుండా చూస్తానన్నాడు. మాటలు మర్యాదగానే ఉన్నాయి. కాగితం మాత్రం ముందే టైపు చేసి తెచ్చాడు.

హరిచందన ఫోటో అడిగి తీసుకుంది. వెనక నుంచి తీసిన ఫోటో. మలుపు దాటి కల్వర్టు మీద పోతున్న సైకిలు. వీపు మీద నంబరు 14, అది వర్షదే. ఆమెకు రెండు గజాల ముందు గౌరయ్య పాల వ్యాన్, వెనక తలుపు లేని చట్రంలో క్యాన్ల వరస. నీడలు పొడుగ్గా కుడివైపుకు పడ్డాయి. ఫోటో తిప్పితే మూలగా పెన్సిల్‌తో 40.73 అని ఉంది, ఏడుకు నడుం మీద అడ్డగీతతో.

"ఇదేంటి?"

"స్టూడియోవాళ్ల నంబరు అయ్యుంటుంది. మీరు ముందువైపు చూడండి" అన్నాడు హేమచంద్. "వర్ష ఏడూ రెండుకు బయలుదేరింది, ఏడూ ముప్పై ఆరుకు చేరింది. వాళ్ల నాన్న వ్యాన్ రోజూ ఏడుంబావు, ఏడూ ఇరవై అయిదు మధ్యలో ఆ కల్వర్టు దాటుతుంది. ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు."

గౌరయ్య అది కాదనలేదు. ఆ రోజూ అదే వేళకు దాటానన్నాడు. పోటీ జరుగుతోందని తెలిసీ ఎందుకు ఆగలేదని అడిగితే, "పాలు ఆగుతయా మేడం" అన్నాడు. బిడ్డ తనకు ఎదురుగా వస్తుంటే హారన్ కొట్టి చేయి ఊపాడట. అంతే.

వర్షను లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది హరిచందన. ఆ పిల్ల మంచం మీద కూర్చుని స్కేట్ చక్రాన్ని వేలితో తిప్పుతోంది. అది ఆగబోతే మళ్లీ తిప్పుతోంది.

"ఎప్పుడైనా వ్యాన్ వెనక తొక్కావా?"

చక్రం రెండు చుట్లు తిరిగాక జవాబు వచ్చింది. "తొక్కిన. పోటీల గాదు. ముందు దినం, శనివారం పొద్దుమీకి, సాయంత్రం నాలుగున్నర దాటినంక. ప్రాక్టీస్‌ల అందరు తొక్కుతరక్కా, తప్పు గాదు."

"ప్రాక్టీసుకు నంబరు ఎందుకు కట్టుకున్నావ్? ఫోటోలో ఉంది."

"బాలేష్ సార్ నేర్పిండు. నంబరు గుడ్డ ముందు దినం మూడింటికే ఇచ్చిర్రు. పోటీకి ముందు దినం నంబరు గుచ్చుకోనే ఒక్కపారి ఉరకాలె అంటడు సార్. పిన్ను పొడిచినా, గుడ్డ గాలికి కొట్టుకున్నా గప్పుడే ఎరుకైతది. తొమ్మిదేండ్ల సంది గదే అలవాటు."

బాలేష్ ఆమె స్కేటింగ్ గురువు. జీడిమెట్లలో వెల్డింగ్ పని. మేడ్చల్ చివర తన జాగాలో తన చేతుల్తో సిమెంటు పోసి పిల్లలు స్కేటింగ్ చేసే రింక్ కట్టాడు. ఆ శనివారం ఆయన రోడ్డు మీద ఉన్నాడా అని హరిచందన అడిగింది. సైకిల్ అంటేనే సార్ ముఖం తిప్పుకుంటాడని, ఒక్క ప్రాక్టీసుకూ రాలేదని, ఆ రోజు గేటు పని ఉందన్నాడని వర్ష చెప్పింది. చెబుతున్నంతసేపూ చక్రం ఆగలేదు.

ఫోటో రెండింటికల్లా తిరిగి ఇవ్వాలన్న షరతుతో హేమచంద్ వదిలివెళ్లాడు. పదకొండూ యాభైకి రఘునందన్ స్కూటరు శామీర్‌పేట రోడ్డు మీద ఆ కల్వర్టు దగ్గర ఆగింది. దారిలో వేడి మిర్చి బజ్జీల బండి కనిపించినా హరిచందన ఆపమనలేదు. దాన్నిబట్టే ఆమె ఎంత కంగారులో ఉందో రఘునందన్‌కు అర్థమైంది.

అతన్ని కల్వర్టు మీద నిలబెట్టి, ఫోటో పట్టుకుని ఆమె గట్టు దిగింది. రెండడుగులు కుడికి, ఒకడుగు వెనక్కి. చివరికి ఒక తంగేడు పొద వెనక, మోకాళ్లు వంచి కూర్చుంటే గానీ పిట్టగోడ ఫోటోలో ఉన్న ఎత్తుకు రాలేదు. అంటే తీసినవాడు దాక్కుని తీశాడు. పైగా నిలబడింది ఎడమ మలుపు పూర్తయ్యే చోట. అక్కడి నుంచి చూస్తే ముందున్న కిలోమీటరు రాయి దాకా రోడ్డు గీత గీసినట్టు కనబడుతోంది.

"ఏమండీ, ఆ రాయి దాకా వెళ్లి మీటర్ చూసి రండి."

స్కూటరు వెళ్లింది, వచ్చింది. సరిగ్గా అర కిలోమీటరు.

అయిదు వందల మీటర్లు. ఆమె ఫోటో తిప్పి పెన్సిల్ అంకె చూసింది. స్టూడియో నంబరు కాదది. టైము. నలభై సెకన్ల డెబ్భై మూడు. వ్యాన్ వెనక దూరిన సైకిలు ఆ దూరానికి తీసుకోవాల్సినంత సమయం.

అంతలో తెల్ల మారుతి వచ్చి ఆగింది. హేమచంద్ దిగకుండానే అద్దం దించి, శనివారం సాయంత్రం కథ తనకూ చేరిందన్నాడు.

"కథ కాదండీ. రోడ్డు ఉత్తరానికి పోతుంది. సాయంత్రం సూర్యుడు ఎడమవైపు, నీడ కుడివైపు. ఫోటోలో నీడ కుడివైపే ఉంది. పొద్దున అయితే ఎడమకు పడాలి."

"వెళ్లేటప్పుడు. పోటీలో తిరిగి రావడం కూడా ఉందిగా. పొద్దున దక్షిణానికి వస్తుంటే నీడ ఎటు పడుతుంది?"

హరిచందన చేత్తో గాలిలో దిక్కులు గీసి చూసుకుంది. కుడివైపే పడుతుంది. రెండువైపులా ఒకేలాంటి పిట్టగోడ, ఒకేలాంటి తంగేడు. మలుపు కూడా ఆ వైపు నుంచి చూసినా అంతే. రోడ్డు ఎవరి పక్షానా మాట్లాడటం లేదు.

"రెండు గంటలకు ఫోటో" అని చెప్పి అతను అద్దం ఎత్తేశాడు.

వీధికి తిరిగొచ్చేసరికి బాలనర్సమ్మ తన ఇంటి అరుగు మీద కూర్చుని పీచుతో పాల క్యాన్లు తోముతోంది. పోలీసోళ్లు వస్తరా బిడ్డ అని అడిగింది. రారని చెప్పి హరిచందన పక్కన కూర్చుంది, రెండు నిమిషాలు కూర్చోలేక లేచింది, మళ్లీ కూర్చుంది. ముసలామె చేయి కడుక్కుని ఫోటో అడిగింది. మనవరాలి ఫోటో అంటే ఆమెకు అదీ ముచ్చటే. కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది.

"గిది పొద్దుగాల్ది అంటుండ్రా? ఎవడన్నడు?"

అప్పుడే ఫోటో కోసం వచ్చిన హేమచంద్, తానే అన్నానన్నాడు.

"పాలున్న క్యాన్ ఎవడన్న బోర్లిస్తడా సారూ? జూడు, అన్ని బోర్ల పెట్టున్నయి. పొద్దుగాల బండి నిండ పాలుంటయి, మూతలు బిగిచ్చి తాడు గడ్తం. గియ్యి నేను తోమి నీళ్లు గారనీకి బోర్లిచ్చిన ఖాళీ క్యాన్లు. మా గౌరయ్య మాపటి పాలకు తీస్కపోతుండు."

హరిచందన ఫోటో లాక్కున్నంత పని చేసింది. అవును. వరసగా ఎనిమిది క్యాన్లు, ఎనిమిదీ తలకిందులుగా. ఇందాకటి నుంచి నీడలు కొలుస్తూ కూర్చున్న తన తెలివికి తనకే నవ్వొచ్చింది. అరుగు మీద ఆరుతున్న క్యాన్లు కూడా అచ్చం అలాగే ఉన్నాయి.

హేమచంద్ వెంటనే అందుకున్నాడు. పొద్దున కూడా పాలు దింపాక ఖాళీ క్యాన్లే తిరిగొస్తాయిగా అన్నాడు. గౌరయ్యను పిలిచి అడిగారు. శీతల కేంద్రంలో పాలు దించేసరికి రోజూ ఎనిమిది కొడుతుందని, ఆ ఆదివారం చీటీ మీద ఏడూ యాభై రెండు అని ముద్ర ఉందని అతను చెప్పాడు. చీటీ తెచ్చి చూపించాడు కూడా. వర్ష పోటీ ముగించింది ఏడూ ముప్పై ఆరుకు.

హేమచంద్ చీటీని రెండుసార్లు చదివాడు. మంచి డిటెక్టివే. ఓడినచోట గొడవపడడు, పక్కకు జరిగి నిలబడతాడు.

"సరే, సాయంత్రమే అనుకుందాం. కానీ నంబరు? ముందురోజు నంబరు కట్టుకుని తొక్కే సైక్లిస్టును నేను చూడలేదు, సంఘం వాళ్లూ చూడలేదు. క్యాన్లు పోటీ కోసమే ఖాళీగా తెచ్చారంటారు, ముద్ర తండ్రే వేయించుకున్నాడంటారు. మా శ్రీనివాసరావు గారు అదే అంటారు. శనివారం కళ్లారా చూసిన మనిషిని రేపు పదింటికి తీసుకురండి. ఇంటివాళ్లు కాకుండా."

ఫోటో జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. కళ్లారా చూసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. తంగేడు పొద వెనక మోకాళ్ల మీద కూర్చున్నవాడు.

హరిచందన వంటింట్లోకి వెళ్లి, మాడిన గిన్నె ముందు నిలబడి ఆలోచించింది. సైకిల్ వాళ్లు రోడ్డు మీద కిలోమీటర్లు లెక్కపెడతారు, సెకన్ల దగ్గర ఆగిపోతారు. అయిదు వందల మీటర్లు కొలిచి, సెకనులో నూరో వంతు దాకా రాసుకునే మనిషి ఎవరు? మలుపు ముగిసే చోట నిలబడే మనిషి ఎవరు? ఆ రోజు ఆమె నంబరుతో తొక్కుతుందని ఎవరికి తెలుసు?

"ఏమండీ, స్కూటరు తీయండి. రింక్‌కు."

నాలుగూ నలభైకి రింక్‌లో డజను మంది పిల్లలు ఎడమకు తిరుగుతూ చుట్లు కొడుతున్నారు. సిమెంటు మీద చక్రాల రొద వాన చప్పుడులా ఉంది. నలభై అయిదేళ్ల సన్నటి మనిషి, ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలతో, మెడలో స్టాప్‌వాచ్ వేసుకుని నిలబడి ఉన్నాడు. ఎక్కడో చెప్పనక్కర్లేదు. మలుపు ముగిసే చోట.

ఆమె రేకుల షెడ్డులోకి నడిచింది. గోడ నిండా పిల్లల ఫోటోలు, గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి. వర్షది ఒకటి ఊడదీసి తిప్పింది. వెనక మూలగా, పెన్సిల్‌తో 49.18. ఏడుకు నడుం మీద అడ్డగీత ఉన్న 40.73 గుర్తొచ్చి ఇంకోటి తిప్పింది. 47.60. ఏడుకు అదే అడ్డగీత.

"గియ్యి ఎందుకు దీస్తున్నరు మేడం" అంటూ బాలేష్ వెనకే వచ్చాడు.

"ఆ శనివారం జీడిమెట్లలో గేటు పని ఏ ఇంట్లోనండీ?"

"యాదికి లేదు."

"శామీర్‌పేట కల్వర్టు దగ్గర తంగేడు పొద యాదికి ఉందా? నాలుగున్నర, అయిదు మధ్యలో?"

అతను స్టాప్‌వాచ్ గుప్పిట్లో పట్టుకున్నాడు. బయట ఒక పిల్లాడు పడ్డాడు, లేచాడు, మళ్లీ ఉరికాడు.

"నలభై సెకన్ల డెబ్భై మూడు" అంది హరిచందన. "రాయకుండా ఉండలేకపోయారు కదా."

బాలేష్ స్టూలు మీద కూర్చున్నాడు. సైకిల్ మీద పిల్ల ఎట్లా పోతుందో చూడాలనిపించి వెళ్లానన్నాడు. చూస్తానంటే చులకన అవుతానని చెప్పలేదు. కెమెరా రింక్‌దే. ఆ వేగం చూసి ఒళ్లు జలదరించి ఫోటో తీశాడు, అలవాటు కొద్దీ వెనక టైము రాశాడు. అప్పటికి మనసులో ఏ పాపమూ లేదు. పోటీలో ఆమె మొదట వచ్చిందని, శిబిరం తేదీలు నేషనల్స్ మీదే పడ్డాయని తెలిశాక నిద్ర పట్టలేదు.

"పదేండ్లాయె మేడం గీ సిమెంటు వోసి. గీ రింక్‌లకెల్లి నేషనల్స్ గెలిచే పిల్ల ఒక్కతే. గీ ఒక్క వారం నాకిడిస్తె సాలనుకున్న."

"రెండేళ్ల నిషేధం వేయించి?"

అతను తల ఎత్తాడు. ఆ ముఖంలో నటన లేదు. విన్నదేమిటో అర్థం కానట్టు పెదాలు కదిలాయి.

"రెండేండ్లు ఎందుకేస్తరు? ఫౌలే గదా. మా ఆటల ఫౌల్ జేస్తె గా ఒక్క రేస్ వోతది. గంటాగి ఇంకో రేస్‌ల నిలవడతరు. నేనే సార్ల కొద్ది నిలవడ్డ. సైకిల్‌ల గూడ గంతే అనుకున్న. గీ శిబిరం వోతె మల్లొచ్చే శిబిరానికి పంపుతరు అనుకున్న."

ఏళ్ల తరబడి ఒకే గీత లోపల తిరిగిన మనిషి. గీత బయట ఇంకో చట్టం ఉంటుందని అతనికి తట్టలేదు. హరిచందనకు కోపం రావాల్సిన చోట రాలేదు. హేమచంద్ ఇచ్చి వెళ్లిన సంఘం నోటీసు తీసి నిషేధం వాక్యం చదివి వినిపించింది. ఏ ఆటలోనైనా, రెండేళ్లు. స్కేటింగ్ కూడా.

"నెగెటివ్ ఎక్కడుంది?"

"కాలవెట్టిన."

అయితే ఇక మిగిలింది అతని నోరు ఒక్కటే. రేపు పదింటికి సంఘం ముందు నిలబడి, ఆ ఫోటో శనివారం సాయంత్రం తానే తీశానని, తానే పంపానని చెప్పాలి. చెబితే అబద్ధపు సాక్ష్యం పంపినవాడిగా అతని కోచ్ గుర్తింపు ఆ నిమిషమే పోతుంది. గుర్తింపు ఉన్న కోచ్ లేకుండా ఈ డజను మంది పిల్లల్లో ఒక్కరినీ వచ్చే వారం నేషనల్స్‌లో దిగనివ్వరు. ఆ లెక్క హరిచందన చెప్పలేదు. అతని కళ్లు కిటికీలోంచి పిల్లల్ని ఒక్కొక్కరినే చూస్తున్న తీరులోనే అది కనబడింది.

రఘునందన్ గుమ్మం దగ్గర చిన్నగా దగ్గాడు. ఆమె వెనక్కి తిరిగింది. అతని పక్కన వర్ష నిలబడి ఉంది. భుజం మీద లేసులు ముడేసిన స్కేట్లు. సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చింది. ఎంతసేపటి నుంచి ఉందో ఆ పిల్ల ముఖమే చెప్పింది.

బాలేష్ లేచి నిలబడ్డాడు. శిష్యురాలి ముందు గురువు అలా లేవడం హరిచందన చూడటం అదే మొదటిసారి. అతను ఏదో అనబోయాడు. వర్ష అననివ్వలేదు. నడిచి వచ్చి అదే స్టూలు మీద కూర్చుని, స్కేట్లు కాళ్లకు తొడుక్కుని, లేసులు ఒక్కొక్క రంధ్రమూ బిగించింది. రెండో కాలు ముడి వేశాక గానీ తల ఎత్తలేదు.

"నేషనల్స్‌కు నేను రాను సార్. శిబిరం వచ్చినా రాకున్నా రాను. గది మీరు ఖరాబ్ జేసిర్రు." కిటికీ వైపు చేయి చూపింది. "గీ పోరగాండ్ల సంగతి గూడ నేనే అడుగుత ఆడ. ఇంకో కోచ్ సంతకంతోని దిగనియ్యుర్రి అని కాళ్లన్న మొక్కుత. గని ముందుగాల మీరు మాట్లాడాలె."

బాలేష్ తల ఊపాడు. ఊపాడా, వంచుకున్నాడా అన్నది హరిచందనకు తేలలేదు. రాత్రంతా మనసు మార్చుకోవడానికి ఈ మనిషికి బోలెడు సమయం ఉంది. సంగతి తెలిస్తే కౌకూర్ నుంచి తెల్ల మారుతి ఇక్కడికొచ్చి ఈ నోరు మూయించడానికి అరగంట చాలు. చేతి గాజులు మోచేతి దాకా తోసుకుంటూ ఆమె, రాత్రికి ఆయన్ని మా ఇంట్లోనే ఉండమందామా అని భర్త చెవిలో అడిగింది.

వర్షకు వినబడింది. లేచి, చక్రాల మీద నిలబడి, గుమ్మం దాకా జారి అక్కడ ఆగింది.

"వద్దక్కా. సార్ ఆయన ఇంట్లనే ఉంటడు. రేపు పొద్దుగాల ఎనిమిదింటి బస్సుకు బస్టాండ్‌ల నేను నిలవడత. సార్ వస్తె ఇద్దరం ఎక్కుతం. రాకుంటె నేనొక్కదాన్నే వోత, ఎవరు దీసిర్రో నాకు ఎరుక లేదని చెప్త."